మేత బస్తాలో మొదలయ్యే చేప: పెంపకపు క్యాట్‌ఫిష్ పోషకాల లెక్క, డబ్బు లెక్క

చెరువు గట్టు మీద నెమ్మదిగా సాగే బండి. దాని వెనక ఒక గొట్టం. అందులోంచి గాలి విసురుకు గోధుమరంగు గుళికలు నీటి మీద వానలా రాలతాయి. అవి మునగవు, తేలుతుంటాయి. మరుక్షణం చెరువు ఉడుకుతున్నట్టు కుతకుతలాడుతుంది. వందలాది నోళ్లు, వాటి చుట్టూ మీసాలు. అమెరికాలోని మిసిసిపీ డెల్టాలో వేసవి రోజుల్లో ఇది నిత్యకృత్యం. ఆ కాసేపూ రైతు చూపు నీటి మీదే ఉంటుంది. మిగతా రోజంతా అడుగునే తిరిగే ఈ చేప బాగోగులు అతనికి తెలిసేది మేతకు పైకి వచ్చినప్పుడే. ఎగబడి తింటే చింత లేదు. గుళికలు అలాగే తేలుతూ గట్టు వైపు కొట్టుకొస్తుంటే మాత్రం రోగమో, నీటిలో ప్రాణవాయువు లోపమో మొదలైందన్నమాట.

ఆ గుళికలో ఉండేది ప్రధానంగా సోయా చెక్క, మొక్కజొన్న, పత్తిగింజల చెక్క, కొంత గోధుమ తవుడు, విటమిన్లు, ఖనిజాలు. చేపపొడి నామమాత్రం, చాలాసార్లు అసలుండదు. క్యాట్‌ఫిష్ గురించి లోకంలో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, చవకైన పోషకాహారం అనే పొగడ్త. రెండోది, బురదలో దొరికిందల్లా తినే చేప అనే ఈసడింపు. ఈ రెంటినీ పలికేవారు ఆ గుళికను విరిచి చూసినవారు కారనిపిస్తుంది. పెంపకపు క్యాట్‌ఫిష్‌లో ఏ కొవ్వు ఎంత ఉంటుంది, పాదరసం ఎందుకు దాదాపుగా ఉండదు, రైతుకు ఎందుకు లాభం వస్తుంది, ఎందుకు చెరువు ఎండగట్టుకోవలసి వస్తుంది అనే ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి ఆ మేత బస్తా దగ్గరికే చేరుతాయి.

ముందు పేరు సంగతి. పిల్లి మీసాల్లాంటి తంతువులున్న చేపలన్నిటినీ కలిపి క్యాట్‌ఫిష్ అంటారు. వీటిలో 3 వేలకు పైగా జాతులున్నాయి. వాలుగ, మార్పు, జెల్ల అన్నీ ఈ కుటుంబాలవే. పొలుసులుండవు, చర్మం నున్నగా జారుతుంటుంది. ప్రపంచవ్యాప్త పెంపకంలో పెద్ద పాత్ర మాత్రం కొన్నిటిదే. అమెరికాలో చానెల్ క్యాట్‌ఫిష్, దానికి బ్లూ క్యాట్‌ఫిష్‌తో కలిపి పుట్టించిన సంకరం. వియత్నాంలో పంగాసియస్, అక్కడి పేరు చా. నైజీరియాలో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. ఒకే పేరు కింద చెలామణీ అయ్యే ఈ మూడూ స్వభావంలో, కొవ్వులో, వ్యాపారంలో ఒకదానికొకటి పోలిక లేనివి. క్యాట్‌ఫిష్ మంచిదా చెడ్డదా అని అడిగేవారిని ముందు 'ఏ క్యాట్‌ఫిష్?' అని అడగాలి.

అమెరికా వ్యవసాయ శాఖ పోషక పట్టికల ప్రకారం పెంపకపు చానెల్ క్యాట్‌ఫిష్ పచ్చి మాంసం 100 గ్రాములలో సుమారు 120 కేలరీలు, 15 గ్రాముల ప్రొటీను, 6 గ్రాముల కొవ్వు ఉంటాయి. అదే జాతి చేపను నదిలో పడితే కేలరీలు 95, ప్రొటీను 16 గ్రాములు, కొవ్వు 3 గ్రాముల లోపు. అంటే చెరువులో పెరిగిన చేపలో కొవ్వు రెట్టింపు. ఆశ్చర్యమేమీ లేదు. నదిలోని చేప తిండి కోసం రోజంతా తిరగాలి, దొరకని రోజు పస్తుండాలి. చెరువులోని చేపకు వేళకు భోజనం, తిరగవలసిన అవసరం తక్కువ.

ప్రొటీను విషయంలో వంక పెట్టడానికి లేదు. శరీరం సొంతంగా తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాలన్నీ ఇందులో ఉంటాయి. ధాన్యాలలో కొరవడే లైసిన్ దండిగా ఉంటుంది. విటమిన్ బి12 అయితే పెద్దవారికి ఒక రోజుకు కావలసిన 2.4 మైక్రోగ్రాములు దాదాపుగా 100 గ్రాములలోనే దొరుకుతాయి. ఫాస్ఫరస్, పొటాషియం, సెలీనియం కూడా చెప్పుకోదగ్గ మోతాదులో ఉంటాయి. కండలో ముళ్లు తక్కువ కాబట్టి పిల్లలకు, వృద్ధులకు పెట్టడం తేలిక. పట్టికల్లో ఈ చివరి గుణానికి గడి ఉండదు గాని, ఇంట్లో వండేవారికి అదే పెద్ద గుణం.

చిక్కంతా ఒమేగా-3 దగ్గర. చేప అనగానే గుండెకు మంచిది అనే మాట వెంటనే వస్తుంది. ఆ మాటకు ఆధారం సముద్రపు కొవ్వు చేపలు. పెంపకపు సాల్మన్ 100 గ్రాములలో ఈపీఏ, డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వులు సుమారు 2 గ్రాములుంటాయి. పెంపకపు చానెల్ క్యాట్‌ఫిష్‌లో అవి 0.3 గ్రాములకు మించవు, చాలాసార్లు 0.1 గ్రాము దగ్గరే ఆగిపోతాయి. పంగాసియస్‌లో ఇంకా తక్కువ. కారణం మళ్లీ మేతే. ఈ కొవ్వులకు మూలం నీటిలోని సూక్ష్మ నాచు. నాచును చిన్న జీవులు, వాటిని చిన్న చేపలు, వాటిని పెద్ద చేపలు తింటూ పోతే ఒమేగా-3 పైకి చేరుతుంది. సాల్మన్ మేతలో చేపనూనె కలుపుతారు. సోయా, మొక్కజొన్న తిన్న చేప ఒంట్లో సోయా, మొక్కజొన్న కొవ్వులే చేరతాయి. అవి ఒమేగా-6 కొవ్వులు. క్యాట్‌ఫిష్ మేతలోనూ చేపనూనె కలిపితే ఒమేగా-3 పెరుగుతుంది, అది ప్రయోగాల్లో తేలిన విషయమే. కాని మేత ఖర్చు కూడా పెరుగుతుంది. చవకదనమే బలంగా బతికే చేపకు ఆ బేరం కిట్టదు.

దీని మీద 2008లో పెద్ద గొడవే జరిగింది. అమెరికాలోని వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బజారులో దొరికే చేపల కొవ్వులను కొలిచి, పెంపకపు తిలాపియాలో, క్యాట్‌ఫిష్‌లో ఒమేగా-3 కంటే ఒమేగా-6 ఎక్కువని ప్రచురించారు. పత్రికలు దాన్ని అందుకుని 'బేకన్ (ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసం) కంటే హానికరం' అని శీర్షికలు పెట్టాయి. అది తప్పుడు పోలిక అంటూ పలువురు పోషకాహార శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాశారు. నిష్పత్తిని చూసి బెదిరిపోతే అసలు మోతాదు మరిచిపోతాం. 100 గ్రాముల క్యాట్‌ఫిష్‌లో లినోలిక్ ఆమ్లం అనే ప్రధాన ఒమేగా-6 సుమారు ఒక గ్రాము. ఒక పెద్ద చెంచా మామూలు పొద్దుతిరుగుడు నూనెలో అది 8 గ్రాములకు పైనే. చేపలోని ఒమేగా-6కు భయపడి, ఆ చేపనే నూనెలో మునిగేలా వేయించుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఒమేగా-3 కోసం తినాలంటే ఇది సరైన చేప కాదు, అంతే. ప్రొటీను కోసం, బి12 కోసం తినేవారికి అది లోపమూ కాదు.

ఒమేగా-3ని దూరం చేసిన అదే మేత పాదరసాన్ని కూడా దూరం పెడుతుంది. పాదరసం సైతం చిన్న జీవి నుంచి పెద్ద జీవికి పోగుపడుతూ పైకి పాకేదే. అమెరికా ఆహార, ఔషధ సంస్థ లెక్కల్లో కత్తిచేపలో పాదరసం సగటున పది లక్షల పాళ్లకు దాదాపు ఒక పాలు. క్యాట్‌ఫిష్‌లో 0.024 పాళ్లు, అంటే నలభయ్యో వంతు. గింజల మేత తిని ఏడాదిన్నర, రెండేళ్లలో పట్టుబడే చేపకు విషం పోగు చేసుకునే తీరికేదీ? గర్భిణులకు, పసిపిల్లలకు పెట్టదగిన 'మేలైన ఎంపిక' చేపల జాబితాలో ఆ సంస్థ క్యాట్‌ఫిష్‌ను చేర్చింది. బురద తినే చేపంటూ మూతి తిప్పుకునేవారు గమనించవలసిన సంగతి ఇది. బురద వాసన చేపలో చేరడం నిజంగా జరిగేదే గాని, అది రుచికి సంబంధించిన కథ, కాసేపట్లో దానికి వస్తాను.

వియత్నాం పంగాసియస్ గురించి ఇంకొక మాట. ఘనీభవించిన తెల్లటి ఫిల్లెట్లుగా, అంటే చర్మం, ఎముక తీసేసిన కండ ముక్కలుగా, ప్రపంచమంతా తిరిగే చేప ఇదే. కొవ్వు 2, 3 గ్రాములకు మించదు. అయితే శుద్ధి కర్మాగారాల్లో కొందరు ఫాస్ఫేట్ ద్రావణంలో నానబెట్టి మాంసం నీటిని పీల్చుకునేలా చేస్తారు, పైన మంచు పూత కూడా వేస్తారు. బరువు పెరుగుతుంది, ప్రొటీను శాతం తగ్గుతుంది. పొట్లం మీద ప్రొటీను 100 గ్రాములకు 12, 13 అని కనిపిస్తే కొన్నవారు కొంత నీటికి కూడా చేప వెల చెల్లిస్తున్నట్టే. పెనం మీద వేయగానే తెల్లటి నీరు ఊరి, ముక్క ముడుచుకుపోవడం దానికి ఇంటి గుర్తు.

ఇక డబ్బు సంగతి. చేపల పెంపకంలో అందరూ చెప్పే అంకె మేత మార్పిడి నిష్పత్తి: ఒక కిలో చేప పెరగడానికి ఎన్ని కిలోల మేత కావాలి అన్నది. మిసిసిపీ చెరువుల్లో అది 2 నుంచి 2.5 వరకూ ఉంటుంది, వియత్నాంలోని మెకాంగ్ నది డెల్టా చెరువుల్లో 1.6 దగ్గర. గింజల మేతతో పెరిగే గొడ్డుకు 6 దాటుతుంది. చేపకు ఈ సౌలభ్యం ఎందుకంటే, అది ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికి శక్తి ఖర్చు చేయదు. బరువును నీరే మోస్తుంది. ఒంట్లోని నత్రజని వ్యర్థాన్ని అమ్మోనియాగా మొప్పల గుండా ఊరికే వదిలేస్తుంది.

ఇంతవరకూ ప్రచార పత్రాల్లో కనిపిస్తుంది. ఇక్కడ ఆగకుండా ఒక అడుగు ముందుకు వేద్దాం. తల పెద్దది, పొట్ట పెద్దది అయిన ఈ చేపలో చర్మం, ఎముక తీసేసిన ఫిల్లెట్ వచ్చేది ప్రాణంతో ఉన్న బరువులో 33 నుంచి 38 శాతమే. 2.2 కిలోల మేతతో కిలో చేప పెరిగితే, కిలో ఫిల్లెట్‌కు దాదాపు 6 కిలోల మేత పట్టిందన్నమాట. ఆ మేతలో 30 శాతం ప్రొటీను అనుకుంటే లోపలికి వెళ్లింది 1.8 కిలోల ప్రొటీను, బయటికి వచ్చిన ముక్కలో ఉన్నది 150 గ్రాములు. కోడి మేత నిష్పత్తి 1.7 దగ్గర ఉంటుంది, పైగా ఎముక తీసేశాక కూడా బరువులో దాదాపు సగం మాంసం మిగులుతుంది. కిలో ఎముకలేని కోడి మాంసానికి 4 కిలోల లోపు మేత చాలు. కాబట్టి క్యాట్‌ఫిష్ అన్ని మాంసాలకన్నా పొదుపు అనే మాట గొడ్డుమాంసంతో పోల్చినప్పుడు నిజం, కోడితో పోల్చినప్పుడు నిలవదు. ఈ తేడాను దాచి రాసే వ్యాసాలు ఎన్నో.

మరి మిగిలిన 60 శాతానికి పైగా బరువు ఏమవుతుంది? లాభనష్టాల గీత చాలాసార్లు అక్కడే ఉంటుంది. మెకాంగ్ డెల్టా కర్మాగారాలు ఈ విద్యలో ఆరితేరాయి. కొవ్వు నుంచి నూనె, తలలు ఎముకల నుంచి పొడి, చర్మం నుంచి జెలటిన్, కొల్లాజెన్ తీస్తారు.

చెరువులో పంట తీసే తీరులోనూ ఈ రెండు దేశాలకు పొంతన లేదు. పాత పద్ధతి అమెరికా చెరువులో హెక్టారుకు ఏటా 5, 6 టన్నులు వస్తే గొప్ప. మెకాంగ్‌లో 200 నుంచి 400 టన్నులు తీస్తారు. అచ్చుతప్పు కాదు. పంగాసియస్ నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు. నాలుగు మీటర్ల లోతు చెరువు, పక్కనే నది, రోజూ మార్చే నీరు. చేపలు కిక్కిరిసి ఉన్నా బతుకుతాయి. చానెల్ క్యాట్‌ఫిష్‌కు ఆ విద్య లేదు, నీటిలో కరిగిన ప్రాణవాయువే దిక్కు. పగలు నాచు ఆ వాయువును తయారు చేస్తుంది, రాత్రి అదే నాచు పీల్చేస్తుంది. తెల్లవారుజామున అట్టడుగుకు చేరుతుంది. అందుకే వేసవి రాత్రుల్లో మనుషులో, ఈ మధ్య సెన్సర్లో ప్రతి చెరువునూ కొలుస్తూ ఉంటారు, అంకె పడిపోగానే నీటికి గాలి అందించే చక్రాల ఏరేటర్లు నీటిని చిలకడం మొదలుపెడతాయి. ఒక్క రాత్రి ఏమరిస్తే ఏడాది పంట తెల్లారేసరికి తెల్లటి పొట్టలతో తేలుతుంది.

ఇప్పుడు బురద రుచి కథ. మిసిసిపీలో చేపలు కొనే కర్మాగారాల్లో రుచి చూడడమే ఉద్యోగమైన మనుషులుంటారు. వల లాగడానికి ఒకటి రెండు వారాల ముందు రైతు చెరువులోంచి ఒక చేపను తెచ్చి ఇస్తాడు. ముక్క కోసి, ఉప్పు కారం ఏమీ లేకుండా మైక్రోవేవ్‌లో ఉడికిస్తారు. మూత తీయగానే ముందు ఆవిరి వాసన చూస్తారు, తరవాత కొంచెం నోట్లో వేసుకుంటారు. బాగుందంటే పట్టుబడికి ముందు మళ్లీ పరీక్ష, లారీ వచ్చాక గేటు దగ్గర ఇంకోసారి. చెరువులోని నీలి ఆకుపచ్చ నాచు జాతులు జియోస్మిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. తొలకరి చినుకులు పడగానే నేల నుంచి వచ్చే కమ్మని వాసన అదే. మట్టి మీద మనకు ఇష్టమైన ఆ వాసనే కంచంలో చేప నుంచి వస్తే నోరు ఒప్పుకోదు. లీటరు నీటిలో కొన్ని నానోగ్రాములున్నా మనిషి ముక్కు పసిగడుతుంది. వేగంగా, చవకగా ఆ పని చేసే యంత్రం లేక ఇప్పటికీ నాలుకనే నమ్ముకున్నారు.

ఆ చేప ఆరోగ్యానికి హాని చేయదు, పోషకాలూ తగ్గవు. కాని కర్మాగారం వద్దంటుంది. నాచు పోయి, చేప ఒంట్లోంచి వాసన వదిలేదాకా వారాలు, కొన్నిసార్లు నెలలు ఆగాలి. అన్ని రోజులూ మేత వేయాలి, ఏరేటర్ తిప్పాలి, రోగాల బారి నుంచి, నీటికాకుల నుంచి కాపాడాలి. అప్పు మీద వడ్డీ ఆగదు. పెరిగి అమ్మకానికి సిద్ధంగా ఉన్న పంటను అమ్మలేక మేపుతూ కూర్చోవడం కంటే ఒక రైతుకు పెద్ద శిక్ష ఏముంటుంది?

అయినా అమెరికా క్యాట్‌ఫిష్ పరిశ్రమను దెబ్బతీసింది నాచు కాదు. 2003లో అక్కడ కర్మాగారాలకు చేరిన చేప 66 కోట్ల పౌండ్లు, అంటే దాదాపు 3 లక్షల టన్నులు. అదే శిఖరం. పదేళ్లు తిరగకుండా అది సగానికి పడిపోయింది. కళ్లకు కనిపించిన శత్రువు వియత్నాం. 1990ల నడుమ పంగాసియస్‌ను కృత్రిమంగా పిల్లలు పెట్టించడం సాధ్యమయ్యాక, నదిలో పిల్లల్ని పట్టుకోవలసిన అవసరం తప్పి అక్కడి పెంపకం ఒక్కసారిగా విస్తరించింది. చవక ఫిల్లెట్లు అమెరికాకు వెల్లువెత్తాయి. అమెరికా రైతులు చట్టసభకు వెళ్లారు. 2002లో వచ్చిన చట్టం ప్రకారం చానెల్ క్యాట్‌ఫిష్ కుటుంబానికి చెందిన చేపలను తప్ప మరేదాన్నీ 'క్యాట్‌ఫిష్' అని అమ్మకూడదు. జీవశాస్త్రం తలదించుకునే తీర్పు ఇది. వియత్నాం చేప బాసా, స్వాయి అనే పేర్లతో అమ్ముడైంది, అమ్మకాలు ఆగలేదు. 2003లో 37 నుంచి 64 శాతం వరకు సుంకం వేశారు. 2008 చట్టంతో తనిఖీ బాధ్యతను పశుమాంసాన్ని తనిఖీ చేసే వ్యవసాయ శాఖకు మార్చారు, అది 2016లో అమలులోకి వచ్చింది. మిగతా చేపలన్నిటినీ ఒక శాఖ, ఈ ఒక్క చేపను గొడ్డుమాంసం చూసే శాఖ పరీక్షించడం వృథా అని ఆ దేశపు ఆడిట్ కార్యాలయమే చెప్పింది.

ఇంత చేసినా చెరువులు మూతపడుతూనే వచ్చాయి. ఎందుకంటే ఆ సంవత్సరాల్లోనే మొక్కజొన్న, సోయా ధరలు రెండుసార్లు ఎగబాకాయి. మొక్కజొన్నను ఇంధనంగా మార్చే పరిశ్రమ పెరగడం అందుకు ఒక కారణం. ఉత్పత్తి ఖర్చులో సగం మేతదే. మేత వెల పెరిగింది, చేప వెల పెంచుదామంటే పక్కనే వియత్నాం ఫిల్లెట్ చవకగా ఉంది. చాలామంది చెరువుల గట్లు తెంపి, నేల చదును చేసి, అదే సోయా, అదే మొక్కజొన్న వేసుకున్నారు. నిన్నటిదాకా చేపకు కొనిపెట్టిన గింజనే నేడు అమ్మడం మొదలుపెట్టారు. వియత్నాం మాత్రం యూరప్, చైనాల వైపు తిరిగింది. 2022లో దాని పంగాసియస్ ఎగుమతులు 200 కోట్ల డాలర్లు దాటాయి. అయితే అక్కడి మేతలోనూ సోయా చాలావరకు దిగుమతే కాబట్టి ప్రపంచ గింజల ధర దెబ్బ వాళ్లనూ వదలదు.

నైజీరియాకు వెళితే ఇదే చేప వేరే ఆర్థిక వ్యవస్థలో కనిపిస్తుంది. అక్కడ ఫిల్లెట్ లేదు, కర్మాగారం లేదు, ఎగుమతి నామమాత్రం. ఇంటి పెరట్లో సిమెంటు తొట్టెలో, టార్పాలిన్ కట్టిన కుంటలో కూడా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంచుతారు. ఇదీ గాలి పీల్చే చేపే. సహారాకు దిగువనున్న దేశాల్లో చేపల పెంపకంలో నైజీరియాదే మొదటి స్థానం, అందులో సింహభాగం ఈ చేపది. పిల్లల దశలో కొంచెం పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. అందుకే వారం పది రోజులకోసారి తొట్టెలో నీరు తగ్గించి, పిల్లల్ని పరిమాణం వారీగా వేరు చేసి, వేరువేరు తొట్టెల్లో వదలాలి. ఆ పని బద్ధకించిన వాడికి నెల తిరిగేసరికి నాలుగు బలిసిన చేపలు మిగులుతాయి. ఇక్కడ మేత ఖర్చు మొత్తంలో 60, 70 శాతం దాకా పోతుంది. మేత ముడిసరుకు చాలా భాగం విదేశాల నుంచి రావాలి, అక్కడి కరెన్సీ నైరా విలువ పడిపోయిన ప్రతిసారీ బస్తా ధర లేస్తుంది. అప్పుడు చేప పూర్తిగా పెరగకముందే అమ్మేసుకోవడమో, కోళ్ల ఫారాల వ్యర్థాలు, వంటింటి మిగుళ్లు వేసి నెట్టుకురావడమో జరుగుతుంది.

అమ్మకం ప్రాణంతో ఉన్న చేపదే. నీళ్ల డ్రమ్ముల్లో బజారుకు వస్తుంది, తడి చర్మంతో గంటల తరబడి బతికుంటుంది కాబట్టి మంచుగడ్డలు, శీతల గిడ్డంగులు అక్కరలేదు. అమ్ముడుపోనిదాన్ని పొగబెట్టి ఆరబెడతారు. నీరు పోయి, ప్రొటీను చిక్కబడి, వారాల తరబడి నిలవ ఉంటుంది. కొన్నవారు చర్మంతో సహా, తలతో సహా వండుకుంటారు. మిసిసిపీలో పొడి చేసే యంత్రంలోకి వెళ్లే తల నైజీరియా నగరం లాగోస్‌లో కంచంలోకి వస్తుంది. కిలో ఫిల్లెట్‌కు 6 కిలోల మేత అని వేసిన లెక్క అక్కడ పనికిరాదు, కొత్తగా వేసుకోవాలి.